అజాన్ వేళ హార్మోనియం

"ఈ కేబుల్ ఎందుకు కాకా?"

తస్లీమ్ అడిగింది మట్టయ్యను. చూపు మాత్రం తల్లి మీద ఉంది.

మూసారాంబాగ్‌లో తమ సౌండ్ సిస్టమ్ షాపు ముందు ట్రాలీ ఆటో సగం నిండింది. స్పీకర్లు ఎక్కాయి. మిక్సర్ పెట్టె ఎక్కింది. ఇవాళ కార్యక్రమం ఉన్న ఎల్బీనగర్ ఫంక్షన్ హాలు తస్లీమ్‌కు కొత్త కాదు. స్టేజీకీ మిక్సర్ బల్లకూ మధ్య ఎంత కేబుల్ పడుతుందో చూసుకుని నిన్ననే చుట్టి పెట్టింది. మట్టయ్య భుజం మీదున్న ఈ పెద్ద చుట్ట అందులోది కాదు.

"నన్నడుగుతవేంది బిడ్డా. మొయ్యమన్నరు, మోస్తున్న," అన్నాడు మట్టయ్య.

తల్లి ఖైరున్నీసా ఏమీ వినబడనట్టు మైకుల పెట్టె మూత వేయబోయింది. తస్లీమ్ ఆ మూత పట్టుకుని ఆపింది. లోపల ఒక మైకు ఎక్కువ ఉంది. గాలి చప్పుడు రాకుండా స్పాంజి టోపీ తొడిగిన మైకు. బహిరంగ సభలకు వాడేది. ఇవాళ్టి కార్యక్రమం తలుపులు మూసిన ఏసీ హాల్లో.

ఆ హాలుకు పడమటి వైపు ఒక కిటికీ ఉంది. కిటికీ అవతల గోడ. గోడ అవతల మసీదు.

తస్లీమ్ ఆ మైకును బయటికి తీసింది.

"అమ్మీ, ఏం చెయ్యబోతున్నవ్?"

"నా పని నేను చేస్త."

"నీ పని కాదు. మిక్సర్ మీద కూర్చునేది నేను."

ఖైరున్నీసా అప్పుడు కూతురి వైపు తిరిగింది. దాచే ఉద్దేశం ఆమె ముఖంలో లేదు. చెప్పాల్సిన రోజు వచ్చిందన్నట్టు, కిరాయి సామాను గురించి మాట్లాడుతున్నంత మామూలుగా చెప్పింది.

తుర్కయంజాల్‌లో ఉన్న అనాథ ఆడపిల్లల హాస్టల్ కోసం ట్రస్టు ప్రెసిడెంట్ జమాలుద్దీన్ ఇవాళ విరాళాల సభ పెట్టాడు. జనం రావాలని ఖవ్వాలీ పెట్టించాడు. హార్మోనియం, తబలా, కీబోర్డు, అన్నీ. దాని మీద కమిటీలో పెద్ద గొడవే జరిగింది. చివరకు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. పొద్దు గూకగానే ఇచ్చే మగ్రిబ్ అజాన్ మొదలవగానే పాట ఆగిపోవాలి. మూసిన హాల్లో అజాన్ వినబడదు కాబట్టి స్టేజీ ముందు ఒక ఎర్ర బల్బు పెట్టాలి. అది వెలిగించే పూచీ సౌండ్ వాళ్లది.

"ఆ బల్బు వెలగదు," అంది ఖైరున్నీసా.

కిటికీ మైకులోని అజాన్ హాల్లోకి పోదు. ఫోన్లలో వచ్చే లైవ్‌లోకి మాత్రమే పోతుంది. హాల్లో ఎవరికీ ఏమీ తెలియదు. దుబాయ్ నుంచి మలక్‌పేట దాకా ఫోన్లు పట్టుకుని చూసేవాళ్లకు మాత్రం అజాన్, దాని మీద తబలా మోత, కలిసి వినబడతాయి. ముందు వరుసలో కూర్చుని తల ఊపుతున్న జమాలుద్దీన్ కనబడతాడు.

"ఒక్క నిమిషం చాలు. తెల్లారేసరికి ఆ వీడియో సిటీ మొత్తం తిరుగుతది. ఆ తర్వాత వాడు ఏ మసీదు మెట్ల మీద నిలబడి ఎవరికి బుద్ధులు చెప్తడో చూస్త."

మట్టయ్య కేబుల్ చుట్టను కింద పెట్టాడు. "వదినె, గొడవైతే ముందుగాల నా వీపు విమానం మోత మోగుతది. పేరు అడుగుతరు, మట్టయ్య అంట, ఇంక అడిగేదేముంటది. అజాన్ చెడగొట్టినోడు దొరికిండని మొదలువెడ్తరు."

"భయమైతే రాకు."

"భయమైతే ఇన్నేండ్ల సంది నీ కాడ ఎందుకుంట? ఇది వద్దంటున్న, అంతే. పోయినోని పేరు మీద ఇది వద్దు."

పోయినవాడు సత్తార్. ఖైరున్నీసా భర్త. నల్గొండ నుంచి వచ్చిన ఖవ్వాల్. అతని పక్కన ఢోలక్ వాయించినవాడు ఈ మట్టయ్యే.

మూసీ పొంగి బస్తీలు మునిగిన ఏడాది, బాధితుల కోసం మూసారాంబాగ్ స్కూలు గ్రౌండులో సభ పెడితే సత్తార్ డబ్బు తీసుకోకుండా పాడాడు. రెండో పాట మధ్యలో జమాలుద్దీన్ స్టేజీ ఎక్కాడు. ఆపద వచ్చి జనం ఏడుస్తుంటే గానాబజానా ఏమిటని అరిచాడు. హార్మోనియంను కాలితో తన్నాడు. సత్తార్ మెడ మీద చెయ్యేసి వంచి, అందరి ముందూ చెంపలు వేయించి, ఇక ముట్టనని, తప్పు ఒప్పుకునే తౌబా చెప్పించాడు.

బలవంతంగా చెప్పించిన తౌబాకు విలువేమిటని భార్య ఎన్నోసార్లు అడిగింది. అన్న మాట అన్నట్టేనన్నాడు సత్తార్. మళ్లీ పాడలేదు. చైతన్యపురి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు కోచింగ్ పిల్లలను దింపుతూ ఆటో నడిపాడు. ఆటోలో ఎవరైనా ఫోన్‌లో పాట పెడితే జర తగ్గించమని బతిమాలేవాడు. కూతురిని నిద్రపుచ్చడానికి కూడా గొంతు విప్పలేదు. అలాగే పోయాడు.

"అబ్బాను ఏమని అవమానించిండ్రు?" అని అడిగింది తస్లీమ్. "పాట పాపం అనే గదా? నువ్వు చేసేది కూడా అదే. పాటను పట్టుకొని జమాలుద్దీన్ ముఖానికి మసి పూస్తనంటున్నవ్. అంటే పాట మసి అని నువ్వూ ఒప్పుకున్నట్టే. అబ్బా హార్మోనియంను ఆ రోజు వాడు తన్నిండు. ఈ రోజు నువ్వు తంతున్నవ్."

ఖైరున్నీసా చెయ్యి లేచింది. కూతురి చెంప దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ చెయ్యి దించి, కింద ఉన్న కేబుల్ చుట్టను ఆమే ఎత్తి ఆటోలో పడేసింది.

ఆటో మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్‌కు బయలుదేరింది.

* * *

హాలు యజమాని సాంబమూర్తి గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాడు. కరెంటు బిల్లు తప్ప ఆయనకు మరో చింత లేదు. పడమటి కిటికీ రెక్క తెరిచి ఉండటం చూసి దాదాపు పరుగెత్తుకొచ్చాడు.

"ఏవమ్మా, ఏసీ వేసి కిటికీ తెరుస్తారా ఎవరైనా? రింగ్ రోడ్డు మొత్తానికి నేను చల్లగాలి సప్లై చెయ్యాలా?"

సౌండ్ కోసమేనని, కేబుల్ పట్టేంత సందు చాలని ఖైరున్నీసా నచ్చజెప్పింది. ఆయన గొణుక్కుంటూ ఒక పాత పరదా తెచ్చి ఆ సందులో కుక్కించి వెళ్లాడు. మైకు బయట వేలాడుతూనే ఉంది.

స్టేజీ మీద హాస్టల్ ఆడపిల్లలు తెల్ల స్కార్ఫుల్లో నిలబడి ప్రవక్తను కీర్తించే నాత్ పాడి చూసుకుంటున్నారు. వాయిద్యం లేదు. వట్టి గొంతులు. వెనకాల ఖవ్వాల్ బృందం హార్మోనియం శ్రుతి చూసుకుంటుంటే ఆ పిల్లల టీచరమ్మ వచ్చి, వీళ్లు దిగేదాకా అది మోగించొద్దని గట్టిగా చెప్పింది. ప్రవక్త పేరు తీసుకునేటప్పుడు పెట్టె మోత వద్దని ఆమె మాట. ఖవ్వాల్ నవ్వి, తన తాత ముత్తాతలు దర్గాలో ఆ పేరును ఈ పెట్టెతోనే తీసుకున్నారన్నాడు. ఇద్దరూ ఎడమొహం పెడమొహం అయ్యారు.

తస్లీమ్‌కు పిల్లల పాటే నచ్చింది. ఆ తర్వాత ఖవ్వాల్ గొంతు విప్పితే అదీ నచ్చింది. ఆ మాట పైకి అనలేదు.

"మీరా?"

జమాలుద్దీన్ గొంతు అది. మిక్సర్ బల్ల ముందు నిలబడ్డాడు. గడ్డం తెల్లబడింది, చేతిలో కర్ర వచ్చింది. సౌండ్ వాళ్లను పిలిచింది సాంబమూర్తి కాబట్టి, ఎవరు వస్తున్నారో జమాలుద్దీన్‌కు అంతదాకా తెలియదు.

"నేనే," అంది ఖైరున్నీసా. "సత్తార్ భార్యను. స్టేజీ మీద హార్మోనియం చూసి కండ్లు నలుపుకున్న. అది పాపం గదా సాబ్. ఎప్పటి నుంచి పుణ్యమైంది?"

జమాలుద్దీన్ చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. కాలం మారింది బహెన్ అన్నాడు. వట్టి ఉపన్యాసం అంటే కుర్చీలు నిండవని, కుర్చీలు నిండకపోతే ఆ పిల్లలకు పొయ్యి వెలగదని అన్నాడు. దీనికోసం తన పాత స్నేహితులే తనతో మాట మానేశారని, ముందు వరుసలో వాళ్ల కుర్చీలు ఇవాళ ఖాళీగా ఉంటాయని కూడా చెప్పాడు. అందులో అబద్ధం ఉన్నట్టు తస్లీమ్‌కు అనిపించలేదు.

"ఆ రోజు కూడా బాధితుల పొయ్యి కోసమే పాడిండు ఆయన."

"జరిగిపోయింది. మాఫ్ చేసేవాడు అల్లా."

"కాలు పెట్టింది మా హార్మోనియం మీద. మాఫ్ చేసుడు నా పని. అల్లాను మధ్యల ఎందుకు తెస్తరు?"

ఆయన వెనుదిరిగాడు. వెళ్లబోతూ, వెనకాల కేబుల్ విప్పుతున్న మట్టయ్యను చూసి ఒక క్షణం ఆగాడు. మట్టయ్య తల ఎత్తలేదు. జమాలుద్దీన్ కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

* * *

సాయంత్రానికి హాలు నిండింది. ముందు వరుసలో ఖాళీలు అలాగే ఉన్నాయి.

ఖవ్వాల్ రెండు పాటలు పాడాడు. మూడోది మెల్లగా ఎత్తుకుని, చివరికొచ్చేసరికి చప్పట్ల మీద సాగింది. ఖైరున్నీసా మిక్సర్ పక్కన నిలబడి వింటోంది. ఆ గొంతు సత్తార్ గొంతులా లేదు. సత్తార్ అంత పైకి పోయేవాడు కాదు. ఊపిరి మధ్యలో ఆపి, అక్కడ జనాన్ని నిలబెట్టి, అప్పుడు దింపేవాడు. అది గుర్తొచ్చి ఆమె బల్ల అంచు పట్టుకుంది.

చాలాసేపటికి కూతురి చెవి దగ్గర వంగింది.

"బల్బు వెయ్యి."

తస్లీమ్ నమ్మలేనట్టు చూసింది.

"అజాన్ మొదలు కాంగనే వెయ్యి. కిటికీ మైకు బంద్ వెట్టు. నీ మాటే కానియ్యి," అంది ఖైరున్నీసా. "ఆయన పాట మీద మసి ఎందుకు."

తస్లీమ్ తల్లి చెయ్యి పట్టుకోబోయింది. అప్పుడే పాట అయిపోయి, విరాళాలు అడగడానికి జమాలుద్దీన్ మైకు ముందుకు వచ్చాడు.

పిల్లల గురించి చెప్పాడు. హాస్టల్ గురించి చెప్పాడు. ఆ తర్వాత, ఇవాళ సంగీతం ఎందుకు పెట్టారని తనను అడుగుతున్నవాళ్లకు జవాబు చెబుతానన్నాడు. ఖాళీ కుర్చీల వైపు చూస్తూ మాట్లాడాడు.

"పాటకూ పాటకూ తేడా ఉన్నది. ఒకప్పుడు సత్తార్ అని ఒక ఖవ్వాల్ ఉండేటోడు. పైసల కోసం పాడేటోడు. తాగి స్టేజీ ఎక్కేటోడు. వరద బాధితుల సభలో నేనే పోయి ఆపిన. ప్రేమతోటి చెప్పిన. నా చెయ్యి పట్టుకొని, ఏడ్చి, తన ఇష్టంతోటి తౌబా చేసిండు. ఆనాటి పాట అటువంటిది. ఇవాళ్టి పాట యతీమ్ పిల్లల కోసం. రెండింటినీ ఒక్కటి చెయ్యకండి."

జనం తలలు ఊపారు. ఎవరో వహ్వా అన్నారు.

ఖైరున్నీసా కదల్లేదు. తస్లీమ్ తల్లిని చూసింది, తర్వాత స్టేజీని చూసింది. సత్తార్ జీవితంలో ఒక్కసారి కూడా తాగలేదు. ఆ సంగతి ఈ హాల్లో ఎరిగినవాళ్లు ముగ్గురే. ముగ్గురూ ఈ బల్ల దగ్గరే ఉన్నారు.

ఖవ్వాల్ మళ్లీ హార్మోనియం మీద చెయ్యి వేశాడు.

తస్లీమ్ చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోన్‌లో గోడ అవతల అజాన్ ఇచ్చే ముయెజ్జిన్ గొంతు సవరించుకోవడం వినబడింది.

ఇప్పుడు బల్బు వేయకపోతే చాలు. ఒక్క నిమిషం చాలు. తల్లి పొద్దున చెప్పిన మాట తస్లీమ్ నోటి దాకా వచ్చింది. ఆమె చెయ్యి స్విచ్ మీది నుంచి వెనక్కి జరిగింది.

"వెయ్యమన్న గదా," అంది ఖైరున్నీసా.

"వాడు ఏమన్నడో విన్నవా?"

"విన్న. బల్బు వెయ్యి. కిటికీ మైకు లైవ్‌లకు కాదు, హాల్లకు వదులు. మొత్తం వదులు."

ఎర్ర బల్బు వెలిగింది. ఖవ్వాల్ హార్మోనియం మీది నుంచి చేతులు తీసేశాడు. మరుక్షణం, మూసిన హాల్లో ఎన్నడూ వినబడని అజాన్ నాలుగు మూలల నుంచీ వచ్చి పడింది.

ఆడవాళ్లు కొంగులు తల మీదికి లాక్కున్నారు. మగవాళ్లు ఫోన్లు కింద పెట్టేశారు. కబుర్లు ఆగిపోయాయి. స్టేజీ మీద జమాలుద్దీన్ కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అజాన్ అయ్యేదాకా ఎవరూ మాట్లాడరు, ఎవరూ కదలరు. ఖైరున్నీసాకు కావలసింది ఆ నిశ్శబ్దమే. బల్ల మీదున్న మైకు తీసుకుని, తల దించుకుని, తానూ చివరి మాట దాకా విన్నది.

అజాన్ ముగిసింది. జనం పెదవులు దువాతో కదిలి ఆగాయి. కుర్చీలు జరిగే చప్పుడు ఇంకా మొదలవలేదు.

"జమాలుద్దీన్ సాబ్."

హాలు మొత్తం వెనక్కి తిరిగింది.

"అజాన్ ఇని దువా చేసిన నోటితోటి అబద్ధమాడరు గదా. అందుకే ఇప్పుడు అడుగుతున్న. నేను సత్తార్ భార్యను. నా మొగడు ఆ రోజు ఒక్క పైస తీసుకోలేదు. తాగుడంటే ఏందో ఎరగడు. ఆయన చెంపలేసుకుంటుంటే మెడ మీద ఉన్న చెయ్యి ఎవరిది? హార్మోనియం మీదున్న కాలు ఎవరిది? చెప్పుండ్రి. లైవ్‌ల అందరు చూస్తున్నరు."

జమాలుద్దీన్ అల్లుడు మిక్సర్ బల్ల వైపు పరుగెత్తుకొచ్చాడు. తస్లీమ్ రెండు చేతులూ చాచి బల్లకు అడ్డం నిలబడింది. ముట్టుకుంటే మంచిగుండదు భాయ్ అని మాత్రం అంది. పెద్దవాళ్లు కొందరు అతన్ని వెనక్కి లాగారు. వాళ్లకూ జవాబు కావాలి.

స్టేజీ మీద పెద్దాయన పెదవులు తడుపుకున్నాడు. కర్ర జారి పడింది. ఎవరూ తీసి ఇవ్వలేదు.

"చెయ్యి నాదే," అన్నాడు. "కాలు కూడా నాదే. తాగుతడనేది నేను చూడలేదు. చూసినట్టు చెప్పిన."

ఎవరో పెద్దగా నిట్టూర్చారు. ఎన్నో ఏళ్లుగా ఖైరున్నీసా గుండెల్లో పెట్టుకుని మోసిన క్షణం వచ్చేసింది. ఆమె వెన్ను నిటారుగా అయింది.

"కానీ బహెన్," అన్నాడు జమాలుద్దీన్. "ఆ రోజు నాకు సభ సంగతే తెల్వదు. పొద్దుగాల ఒక మనిషి నా దుకాణానికి వచ్చిండు. ఎట్లన్న చేసి సత్తార్ పాట బంద్ చేయించు, మతం పేరు చెప్పి నువ్వు ఆపితేనే ఆగుతడు అని నా కాళ్లు పట్టుకున్నడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఎవరికీ చెప్పనని నాతోటి మాట తీసుకున్నడు. ఇయ్యాల మీరు నన్ను నలుగుర్ల నిలబెట్టిండ్రు. ఇంక ఆ మాటకు నేను కట్టుబడి లేను."

"ఎవరు?"

"మీ పక్కనే ఉన్నడు."

ఖైరున్నీసా తల తిప్పింది.

అజాన్ అయిపోగానే, సాంబమూర్తి పోరు పడలేక, మట్టయ్య కిటికీ మూసి వచ్చాడు. స్పాంజి టోపీ మైకు అతని చేతిలోనే ఉంది. తప్పించుకునే ప్రయత్నం చేయలేదు. ముఖం చూపించనూ లేదు.

"అబద్ధమని చెప్పు మట్టయ్యా," అంది ఆమె. "వాడు ఇంకోటి కల్పించిండని చెప్పు."

మట్టయ్య ఆ మైకుతోనే రెండు చేతులూ జోడించాడు.

"ఇక్కడొద్దు వదినె. ఇంటికాడ చెప్త."

మెల్లగానే అన్నాడు. కానీ ఆ మాట హాల్లో ఉన్న ప్రతి స్పీకర్‌లోంచీ వచ్చింది. అతని చేతిలోని మైకు ఇంకా తెరిచే ఉంది.

తస్లీమ్ బల్ల వెనక్కి వచ్చి, దాన్ని ఆపే మీట మీద వేలు పెట్టింది. ఆమె తల్లి వైపు చూసింది.

"ఇక్కడనే చెప్పు," అంది ఖైరున్నీసా.

తస్లీమ్ మీట దించలేదు.